ఎత్తిన కత్తి

సూరత్‌లో మాంత్రికుడితో తలపడ్డ తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. పాండేసరాలో ఎవరినైనా అడగండి, నవ్వుతూనే అయినా చెబుతారు. నలభై ఏళ్ల కిందట ఒక మాసపత్రికలో నా కత్తియుద్ధం కథ అచ్చయింది. అది చదివి బార్డోలీ నుంచి బస్సు నిండా జనం నన్ను చూడటానికి వచ్చారని మనవలకు చెప్పుకుంటూ వచ్చాను. బస్సు నిండా జనం రావడం నిజమే. బార్డోలీ బస్సు రోజూ నిండుగానే వస్తుంది. అందులోంచి నాకోసం దిగినవాడు ఒక్కడు. అతను చక్కెర మిల్లులో పనిచేసే మా దూరపు చుట్టం. తన అల్లుడికి ఇక్కడేమైనా పని దొరుకుతుందేమో కనుక్కుందామని వచ్చాడు. కథ సంగతి నేను చెబితే, “టీ చెప్పు ముందు” అన్నాడు.

పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పెంచినదాన్ని మళ్లీ నేనే కత్తిరించుకుంటాను కాబట్టి ఇంట్లోవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఒక్కదాన్ని మాత్రం ఇన్నేళ్లూ కత్తిరించలేదు. ఆ కథ నాది కాదు. బావది.

బావ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన మావాళ్లలో ఈడు కలిస్తే బావ, కలవకపోతే మామ. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. బమ్రోలిలో ఒకే గదిలో తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం, అందులో మా ఇద్దరి చాపలూ పక్కపక్కన. పనిలో కూడా ఒకే షెడ్డు. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మగ్గాన్ని మేము సాంచా అంటాం.

ఖాతాలో యాభై సాంచాలు ఒకేసారి తిరుగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినిపించదు. కొత్తగా వచ్చినవాడు ఆరు నెలలు గొంతు చించుకుంటాడు. తర్వాత అరవడం మాని పెదవులు చూడటం నేర్చుకుంటాడు. ఏడాది తిరిగేసరికి పది సాంచాల అవతల ఉన్నవాడిని ఇంట్లో ఏం కూరో అడగగలడు, వాడు చెప్పింది చూసి నవ్వగలడు. శబ్దమే లేని మాట. అందుకే ఖాతాలో రహస్యం చెప్పేవాడు గొంతు తగ్గించుకోడు, నోరు దాచుకుంటాడు. సేఠ్‌ను తిట్టాలంటే భుజం మీది గుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని తిట్టేవాళ్లం. ఈ సంగతి నాకు తెలుసు. ఖాతాలో నేను కనీసం పది మందికి నేర్పాను. సరే, ఇద్దరికి.

వారానికో రోజు కరెంటు బంద్ ఉండేది. ఆ రోజు గదిలో నేను పత్రిక చదివేవాణ్ణి. ఊరికి వెళ్లి వచ్చేవాళ్లెవరో స్టేషన్లో కొని తెచ్చే చవక మాసపత్రిక అది. వేళ్లకు సిరా అంటుకునే ముతక కాగితం. అట్ట మీద ఎప్పుడూ ఒక కత్తి, ఒక పుర్రె, ఒక పెద్ద పాము, బట్టలు చాలని ఒక రాజకుమారి. లోపల కథ కూడా అంతే. వీరుడు వస్తాడు, నరుకుతాడు, మాంత్రికుడు పొగలా మాయమవుతాడు, మళ్లీ నెలలో మళ్లీ వస్తాడు. మాకు ప్రాణం లేచొచ్చేది. నేను గొంతులు మార్చి చదివేవాణ్ణి. చుట్టుపక్కల గదులవాళ్లు కిటికీల దగ్గర కిక్కిరిసేవారని అంటుంటాను. మా గదికి కిటికీ లేదు.

బావకు చదువు రాదు. తన పేరు మాత్రం ఎవరో నేర్పితే బొమ్మ గీసినట్టు గీసేవాడు. నేను చదువుతుంటే వెల్లకిలా పడుకుని కప్పుకేసి చూస్తూ వినేవాడు. ఒకరోజు కథ అయిపోయాక లేచి కూర్చున్నాడు.

“గీ కత్తిగాడు ఉత్త బేకార్ బావా.”

“ఏమైంది? పదిమందిని నరికిండు గద.”

“గదే జెప్తున్న. దర్వాజ కాడనే పదిమందిని నరికిండు. లోపట నరకరానిది ఏదన్న ఎదురైతే ఏం జేస్తడు? గది రాయలే వీడు.”

“నువ్వు రాయరాదు మరి!”

“రాయొస్తే నీతోని ఎందుకు సదివిచ్చుకుంట?” అన్నాడు. గదిలో అందరూ నవ్వారు.

మర్నాడు ఖాతాలో మొదలుపెట్టాడు. ఎనిమిది సాంచాల అవతలి నుంచి, పెదవులతో. ఒక పోగు తెగితే సాంచా ఆపి అతికేవాడు, అంతసేపూ కథ ఆగేది. మాంత్రికుడి కోట తలుపు తీయబోతుండగా ఆయన వంగి ముడి వేసుకుంటుంటే నేను ఇక్కడ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. నా సాంచాలో ఎన్ని పోగులు తెగిపోయాయో చూసుకునేవాణ్ణి కాదు. గుడ్డ పాడైందని మా పని చూసే మేస్త్రీ, అదే ముఖద్దం చేత తిట్లు కూడా తిన్నాను.

ఆ కథ ఇది. దేశం లేని ఒక కత్తివీరుడు. ఎవరు అన్నం పెడితే వారి తరఫున కత్తి పట్టేవాడు. నడిచి నడిచి సముద్రం ఒడ్డున ఒక పట్నానికి వస్తాడు. బజారు నిండా జనం, బేరాలు, బండ్లు. కానీ ఎవరి నోటా మాట లేదు. నోరు తెరుస్తారు, శబ్దం రాదు. పట్నం చివర నల్లకోటలో ఒక మాంత్రికుడు మగ్గం ముందు కూర్చుని ఉంటాడు. నిద్రపోయినవాళ్ల ఊపిరి పోగులా లాగి బట్ట నేస్తుంటాడు. ఆ బట్ట పూర్తయి ఒంటికి చుట్టుకున్నాడా, వాడికిక చావు లేదు.

“గా పట్నంల ఎవ్వరు ఎందుకు మాట్లాడరు బావా?” అని అడిగాను ఇక్కడి నుంచి.

“మనం మాట్లాడుతున్నమా?” అన్నాయి ఆయన పెదవులు.

వీరుడు కోటలోకి పోతాడు. గడపల మీద చచ్చిపోయిన కాపలావాళ్లు కూర్చుని లోపలికి పోయేవాళ్ల తలలు లెక్కపెడుతుంటారు. తడి చేయని నీళ్ల చెరువు ఒకటి. మనిషి చేతులున్న పాము ఒకటి, అది కాటేయదు, గొంతు పట్టుకుంటుంది. అన్నీ దాటి చివరి గదిలో మగ్గం ముందుకు వస్తాడు. కత్తి ఎత్తుతాడు. అప్పుడు తెలుస్తుంది. ఆ బట్ట తెగితే అందులో ఉన్న ఊపిరులన్నీ తెగుతాయి. పట్నమంతా కూలిపోతుంది. తెగకపోతే మాంత్రికుడు చావడు. వీరుడు ఎత్తిన కత్తి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ బావ ఆపాడు.

“తర్వాత?”

“జర ఓపిక పట్టు. నాకే ఇంక మంచిగ కనిపిస్తలేదు.”

 అచ్చులో అలాంటిది ఒక్కటీ చదవలేదు. రాసి పంపుదామన్నాను.  మూడో రోజు బావ టీ లారీ దగ్గర, అంటే టీ తోపుడుబండి దగ్గర, అన్నాడు.

“రాయి బావా. గని కింద నా పేరు ఉండాలె.”

“ఉంటది.”

“గట్ల గాదు. ఇను. నా పేరు అచ్చుల నేను ఎన్నడు సూడలే. రేషన్ కార్డుల పడ్డది గుడ తప్పే. ఒక్కసారి సక్కగ పడితే సాలు. సదువు రాకున్న నా పేరు నేను గుర్తుపడ్తగద.”

సరేనన్నాను. డిజైన్ కాగితాల వెనక వైపు, నాలుగు బంద్ రోజులు కూర్చుని మొదటి భాగం రాశాను. నా చేయి లేకపోతే ఆ కథ లేదని ఇప్పటికీ అంటాను. వాక్యాలు నావి, కామాలు నావి. సముద్రం వర్ణన ఒక పేరా పూర్తిగా నాది. అదే కథలో చప్పగా ఉన్న పేరా.

పత్రికవాళ్లు పొరపాటున నా పేరు వేశారని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కవరు మీద పంపినవాడి చిరునామా చూసి అలా వేసి ఉంటారని. అబద్ధం. ఆఖరి కాగితం మీద కథ ముగిసిన చోట కింద నా పేరు నేనే రాశాను. దాని పక్కన చిన్న గీత గీసి సూరత్ అని కూడా రాశాను. రాసేటప్పుడు చేయి వణకలేదు. వణికిందని చెబితే మీకు నామీద కొంచెం జాలి కలుగుతుంది. కానీ వణకలేదు. నా పేరు అక్కడ చాలా అందంగా కనబడింది.

మూడు నెలలకు కథ అచ్చయింది. బావ అడుగుతూనే ఉన్నాడు. తిరిగొచ్చిందని చెప్పాను.

“ఏం తక్కువైందంట?”

“జాగ లేదంట.”

“పోనీ తియ్. ఇంకోదానికి పంపు” అన్నాడు.

పత్రికను నా రేకు పెట్టెలో బట్టల అడుగున దాచాను. దాచినవాడు నోరు మూసుకోవాలి కదా. వారం ఓపిక పట్టాను. ఎనిమిదో రోజు ఎదురు వరసలో పనిచేసే ఒక మామతో ఆగలేకపోయాను. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, “మామా, నా కథ అచ్చులో పడ్డది, ఎవ్వరికి చెప్పకు” అన్నాను.

గొంతు తగ్గించాను! యాభై సాంచాలు మోగుతున్న ఖాతాలో! చెవులకు దాచి, కళ్లకు దాచడం మరిచాను. పదేళ్లు అక్కడే పనిచేసి, కొత్తవాడు కూడా చేయని తప్పు చేశాను. అవతల బావ సాంచాలో పోగు తెగింది కాబోలు, అతికి అప్పుడే తల ఎత్తాడు. నేను నోరు మూసేసరికి ఆయన కళ్లు నా పెదవుల మీద ఉన్నాయి.

షిఫ్టు అయ్యాక బయట టీ లారీ దగ్గరికి వచ్చాడు.

“నీ కథ పడ్డదంట గద. ముబారక్.”

“బావా, పత్రికోళ్లు పొరపాటున...”

“పేరు వాళ్లు రాసిన్రా, నువ్వు రాసినవా?”

నేను టీ గ్లాసులోకి చూశాను.

“సూపియ్” అన్నాడు.

గదికి పోయి పెట్టె తెరిచి చూపించాను. బావ ఆ పేజీ మీద కథ పేరు వదిలేసి కింది పేరు మీద వేలు పెట్టాడు. ఒక్కో అక్షరం మీదుగా జరిపాడు. వేలికి సిరా అంటింది. “గిది నా పేరు గాదు” అన్నాడు, ఇంకా ఏ మూలో ఆశ ఉన్నట్టు. సిరాను లుంగీకి తుడుచుకుని బయటికి పోయాడు.

ఆయన తిడితే బాగుండేది. రెండు తగిలించినా బాగుండేది. ఆయన ముఖద్దాన్ని అడిగి సాంచాలు మార్పించుకున్నాడు. గోడవైపు వరస. అక్కడ పనిచేసేవాడి వీపు ఖాతావైపు ఉంటుంది. మీకు అది చిన్న సంగతిలా అనిపించవచ్చు. పెదవులతో మాట్లాడుకునేచోట వీపు తిప్పడం అంటే తలుపు వేసి గడియ పెట్టడం. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, ఖాతా మూసేదాకా, నేను ఆయన వీపే చూశాను. గదిలో ఉప్పు అందించమంటే అందించేవాడు. కథ మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

ఆయన వరస మార్చుకున్న కొద్ది రోజులకే పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. పాఠకులు అడుగుతున్నారు, రెండో భాగం వెంటనే పంపగలరు అని. సిగ్గు విడిచి బావ దగ్గరికి పోయాను.

“గా కత్తి ఎత్తి నిలవడ్డడు గద బావా. తర్వాత ఏమైతది?”

“నీ కథ గద. ఎత్తిన కత్తి నువ్వే దించుకో.”

దించాను. ఒక్క వేటుకు బట్ట రెండు ముక్కలు, మాంత్రికుడు బూడిద. పట్నంలో ఎవరూ చావలేదు, ఎందుకు చావలేదో రాయలేదు. ఎక్కడా లేని రాజకుమారిని తెచ్చి వీరుడి మెడలో దండ వేయించాను. బంద్ రోజు గదిలో చదివాను. అందరూ బాగుందన్నారు. గోడవైపు తిరిగి పడుకున్న బావ అటు నుంచే ఒక్క మాట అన్నాడు. “పోగు అతకరానోడే కత్తి పెడ్తడు.”

పత్రికవాళ్లు దాన్ని తిప్పి పంపారు. పత్రిక మూతపడటం వల్ల కథ ఆగిపోయిందని అందరికీ చెప్పాను. మూతపడిన మాట నిజమే, రెండేళ్ల తర్వాత. తిప్పి పంపిన కాగితాల మీద ఎర్ర సిరాతో ఒక్క వాక్యం ఉంది. మొదటి భాగం రాసినది మీరేనా?

ఇదంతా పాతబడి పోవలసింది. పోయిన ఏడాది మా వీధికి ఒక డాక్టరమ్మ వచ్చింది. గోదావరి వైపు అమ్మాయి, ఇక్కడ ఆసుపత్రిలో పని. వాళ్ల నాన్నగారు ఆ చవక పత్రికలన్నీ దాచుకున్నారట. వాటిలో నా పేరు, పక్కన సూరత్ చూసి వెతుక్కుంటూ వచ్చింది.

“మీరేనా అండీ? ఆ ఊపిరి బట్ట కథ మీదేనా? చిన్నప్పుడు అది చదివి నిద్రపోవాలంటే భయం వేసేదండీ నాకు!”

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను కండువా సర్దుకున్నాను.

ఆమె మా తెలుగు సంఘంవాళ్లకు చెప్పింది. ఆదివారం ఉదయం హాల్లో నాకు సన్మానం అన్నారు. బావకు కబురు ఎలా చేరిందో తెలియదు. ఇప్పుడు నవాగామ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. సాంచాలు ఆయన చెవులను పూర్తిగా తినేశాయి, నాకు ఒకటి మిగిల్చాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. హాలు గుమ్మంలో నాకు ఎదురుపడి, ఇన్నేళ్లకు నా ముఖంలోకి చూసి, శబ్దం లేకుండా అడిగాడు.

“గిప్పుడన్న చెప్తవా?”

“చెప్త” అన్నాను.

“నా పేరు?”

“నీ పేరే చెప్త బావా.”

ముందు వరసలో కూర్చున్నాడు. నా మూతి కనబడేలా కుర్చీ కొంచెం జరుపుకున్నాడు.

వేదిక మీద నేను నిజం చెప్పేశానని, హాలంతా కన్నీళ్లు పెట్టుకుందని, బావ లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడని ఈ పేజీకి ముందు ఒక పేజీ రాశాను. బాగా వచ్చింది. చించేశాను. జరిగింది చెబుతాను.

నాకు శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. ఎదురుగా డాక్టరమ్మ, సంఘం పెద్దలు, మా మనవలు ఫోన్లు పట్టుకుని. నేను మైకును పైకి లేపి పెదవులకు ఆనించాను. ఇంత లావు మైకు, గడ్డం నుంచి మీసం దాకా మూసేస్తుంది. ఖాతాలో భుజం మీది గుడ్డ చేసిన పనే. ఈసారి మరిచిపోలేదు. ఆ కథ ఒకరోజు సాంచా నడుపుతుండగా నా తలలో మెరుపులా పుట్టిందని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అందరినీ చూసి బావ కూడా కొట్టాడు.

దిగి వచ్చాక ఆయన నా దగ్గరికి వచ్చాడు.

“చెప్పినవా?”

“చెప్పిన” అన్నాను. ఈసారి నోరు బాగా తెరిచి, ప్రతి అక్షరం కనబడేలా.

ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఎలా ఉంటుందో మరిచిపోయిన ముఖం అది. అప్పుడే ప్లేట్లో లడ్డూ పట్టుకుని డాక్టరమ్మ వచ్చింది. బావ ఆమె వైపు తిరిగి గొంతు తెచ్చుకుని, బిగ్గరగా అడిగాడు. “ఏం జెప్పిండమ్మా మా బావ?”

ఆ అరుపుకే ఆయనకు వినబడదని ఆమెకు తెలిసిపోయింది. అందుకని మంచి పిల్ల కదా, ముఖం దగ్గరగా పెట్టి, నెమ్మదిగా, ముక్క ముక్కగా చెప్పింది. “ఆ కథ... ఆయన తలలోనే... పుట్టిందని... చెప్పారండీ!”

బావ ఆమె పెదవులు చివరిదాకా చూశాడు. తల ఊపాడు. తర్వాత నా శాలువా అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపాడు, మావాళ్లు గుడ్డ నాణ్యం చూసినట్టు.

“పాలిస్టర్” అన్నాడు. లడ్డూ తీసుకోకుండా వెళ్లిపోయాడు.

రెండు వారాలు ఆగి నవాగామ్ వెళ్లాను. బావ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు వాడకుండా మొత్తం చెప్పాను. పేరు నేనే రాశానని, మైకు కావాలనే అడ్డం పెట్టానని. ఇప్పుడు ఇదంతా రాస్తానని, ఆయన పేరుతో రాస్తానని.

“నీ పేరో?” అన్నాడు.

“అదీ ఉంటది. రాసేది నేనే గద.”

బావ నవ్వాడు. “గట్లయితే నా పేరు ఒద్దు. నీ పేరు పక్కన నా పేరు ఒద్దే ఒద్దు.”

“పోనీ నా పేరు తీసేస్త బావా.”

“నువ్వు తియ్యవు.”

తీశాను. ఈ కాగితాల మీద ఆయన పేరూ లేదు, నాదీ లేదు. ఇదో త్యాగమని ఒక వాక్యం రాసి కొట్టేశాను. పేరు పెడితే డాక్టరమ్మ చదువుతుంది, అది అసలు కారణం.

లేచేముందు ఒక్కటి అడిగాను. “గా కత్తి... దించిండా, లేదా? గదొక్కటి చెప్పు.”

బావ లేచాడు. కుర్చీ మొత్తం ఎత్తి గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. అదే వీపు, కొంచెం వంగింది. వెనక నిలబడి చూస్తుంటే చెవి కింద దవడ కదులుతోంది. చాలాసేపు కదిలింది. గోడకు కథ ముగింపు చెబుతున్నాడని రాయాలని ఉంది. నేను ముందుకు పోయి చూడలేదు. ఆయనకు తంబాకు అలవాటు ఉంది, నములుతూ ఉండవచ్చు.